మంచం కింద ఏముంది

రోజు 112

ఈ రిజిస్టరు ముందు పేజీల్లో ఏ ఇంట్లో సున్నం ఎప్పుడు మార్చానో ఉంటుంది. వెనక పేజీల్లో ఇకనుంచి నా గోడు ఉంటుంది. ఎవరైనా చదువుతారేమోనన్న భయం లేదు. లోతుపాలెంలో సున్నం పని చేసేదాన్ని నేనొక్కదాన్నే. ఈ పుస్తకం ముట్టుకుంటే వేళ్లు మండుతాయని ఊరందరికీ తెలుసు.

పొద్దున బడి గదిలో ఊరి సంఘం కూర్చుంది. అవతలి ఊరు ఓర్వీ వాళ్లు తమ భాష నేర్పడానికి ఒక మాస్టారిని పంపుతారట. ఇన్నాళ్లూ మన పిల్లలకు ఆ భాష పదకొండో ఏట మొదలయ్యేది. ఇప్పుడు ఐదో ఏటే మొదలుపెడదామంటున్నారు. మనం పీల్చే గాలి వాళ్ల యంత్రాల దగ్గర్నుంచే గొట్టంలో మంచు కింద నడిచి వస్తుంది. మన పిల్లలు పెద్దయ్యాక పనికి వెళ్లేదీ అక్కడికే. కాబట్టి ఆ భాష అక్కర్లేదని ఎవరూ అనలేదు. ఏ వయసులో అన్నదగ్గరే తగువు.

సంఘం పెద్ద వరహాలమ్మ గారు లేచారు. నాకు వరసకు మేనత్త. మా ఆయన పోయినప్పుడు పదిహేను రోజులు మా ఇంట్లోనే ఉండి నా చేత అన్నం తినిపించిన మనిషి.

“పసినాలిక్కి పలుకు తొందరగా అబ్బుద్దండి. పదకొండేళ్లొచ్చేక నాలిక మొద్దుబారిపోద్ది. నేను నలభై ఏళ్లబట్టి ఓర్వీ మాట్లాడతన్నాను, నోరు తెరిస్తే ఆళ్లు ఇప్పటికీ నవ్వుతారు” అన్నారు.

నేను చెయ్యెత్తాను. “ఐదేళ్లకి మన మాటే సరిగ్గా తిరగదు కదత్తా. మా సంపెంగ ఇంకా ఉల్లిపాయని ఉయ్యిపాయ అంటంది. దాని మీద ఇంకోటి ఎక్కిస్తే రెండూ సగం సగం వస్తాయి. పదకొండేళ్లోళ్లయితే అర్థం చేసుకుని ఏడాదిలో అందుకుంటారు. ఇంత తొందరేంటి?”

“నేర్చుకుంటే నష్టమేంటే తాయారూ?”

నష్టమేమిటో నాకూ తెలియదు. కానీ మాస్టారిని ఊరికే పంపుతున్నారు. వారంలోనే మొదలవ్వాలంటున్నారు. పెద్ద పిల్లలు ఆగొచ్చు, ఐదారేళ్ల వాళ్లే ముందంటున్నారు. ఊరికే ఇచ్చేవాడికి తొందరెందుకుంటుంది? చేతులెత్తించి లెక్కపెట్టారు. సరేనన్నవాళ్లు ముప్పై ఒక్కరు, వద్దన్నవాళ్లు తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందిలోనూ ముగ్గురు బయటికి రాగానే నాతో మాట్లాడటం మానేశారు.

రోజు 120

మాస్టారు వచ్చాడు. పేరు కెస్టిన్. చువ్వలా ఉన్నాడు. తెలుగు ఏ పాత పుస్తకంలోంచి నేర్చుకున్నాడో గాని నన్ను చూసి, “నమస్కారము. తమరే గదా గాలిని శుభ్రపరచు తల్లి?” అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వించేవాళ్లను నేను అంత సులభంగా నమ్మను, అది వేరే సంగతి.

నా పని చెప్తాను. ప్రతి ఇంటి గోడలో ఒక పెట్టె, అందులో సున్నపు పళ్లెం ఉంటాయి. మనం వదిలిన చెడు ఊపిరిని సున్నం పీల్చుకుని ఊదారంగుకు తిరుగుతుంది. రోజుకు పన్నెండు ఇళ్లు తిరిగి ఊదా పళ్లెం తీసి తెల్ల పళ్లెం పెడతాను. అందువల్ల ఊళ్లో నేను చూడని గది లేదు, నాకు తెలియని మూల లేదు.

రాయకూడనిది ఒకటి ఉంది, అదీ రాస్తున్నాను. ఊళ్లో దాదాపు ప్రతి ఇంట్లోనూ దాచిన గాలిబుడ్డి ఉంది. మోకాలెత్తు సిలిండరు. అదనంగా ఉన్న ప్రతి బుడ్డీ ఉమ్మడి గదిలో పెట్టాలన్నది సంఘం కట్టుబాటు. అందరూ ఆ కట్టుబాటుకు తలూపుతారు, అందరూ బియ్యం డబ్బా వెనకో పరుపు కిందో ఒకటి దాస్తారు. నేను అన్నీ చూస్తాను, ఏదీ చూడను. వాళ్లూ మా ఇంటికొస్తే మంచం కిందికి చూడరు. లోతుపాలెంలో మర్యాద అంటే ఇదే.

మా ఆయన మంచు తవ్వకంలో గాలి అందక పోయాడు. ఉమ్మడి గది తాళం తెచ్చేలోపు పోయాడు. సంపెంగకు పుట్టుకతోనే ఆయాసం. గాలి పలచబడ్డ రోజున దాని ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. మంచం కింద బుడ్డి తెరిచి పది నిమిషాలు పట్టిస్తే గాని ముఖంలో రంగు తిరిగి రాదు. ఆ బుడ్డి పోతే నా పిల్ల పోతుంది. నాకున్న భయం ఇంతే, ఇంతకన్నా పెద్దది ఇంకేదీ లేదు.

బుడ్డి లేని ఇల్లు ఒక్కటే, బడిలో వంట చేసే పోలయ్యది. కిందటేడు భోజనాల వేళ బడి గదిలో గాలి చెడితే, తన బుడ్డి అందరి ముందూ మోసుకొచ్చి నలభై మంది పిల్లల మధ్య తెరిచేశాడు. బుడ్డి ఖాళీ అయింది. ఆ తర్వాత సంఘం అతణ్ణే నిలబెట్టి, బుడ్డి దాచినందుకు చీవాట్లు పెట్టింది. చీవాట్లు పెట్టినవాళ్లలో బుడ్డి లేనివాడు లేడు.

రోజు 131

అనుమానం ఊరికే పోలేదు.

సంపెంగ పలక మీద ఓర్వీ గీతలు గీస్తూ కూర్చుంది. ఏం రాస్తున్నావే అన్నాను. “ఇంటిపని” అంది. మాస్టారు ప్రశ్నలిచ్చాడట. మీ ఇంట్లో ఎన్ని గదులు? ఎంతమంది ఉంటారు? మీ అమ్మ పొద్దున్నే ఎక్కడికి వెళ్తుంది? బియ్యం డబ్బా వెనక ఏముంది? మంచం కింద ఏముంది?

నా చేతిలో పళ్లెం జారి నేల మీద పడింది. సున్నం ఇల్లంతా లేచింది.

అప్పుడు తెలిసింది ఐదేళ్లవాళ్లే ఎందుకు కావాలో. పదకొండేళ్ల పిల్లకు ఇంటి మాట గడప దాటించకూడదని తెలుసు. ఐదేళ్ల పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. పైగా కొత్త మాట నేర్చుకున్న సంబరంలో ఇంట్లో ఉన్నదంతా ఒక్కొక్కటే పేరు పెట్టి అప్పజెప్తుంది. ఇళ్లలో దూరి వెతకాల్సిన పని లేకుండా ఊరు ఊరంతా వెతికేయొచ్చు.

బడికి వెళ్లి నిలదీశాను. కెస్టిన్ తెల్లబోయాడు.

“అమ్మా, ఆందోళన వలదు. ఏ భాషయైనను ఇంటి నుండియే ఆరంభమగును. మా ఊరి బాలలను సైతం ఇట్లే అడుగుదును.”

“మీ ఊళ్లో మంచాల కింద ఏముంటాయండి?”

“ధూళి” అన్నాడు.

అబద్ధమాడేవాడైతే ఇంకాస్త మంచి జవాబు చెప్పేవాడేమో. అయినా నేను నమ్మలేదు.

ఇంటికొచ్చి సంపెంగను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక ఆట మొదలుపెట్టాను. “మంచం కింద ఏముంది?” అని అడుగుతాను. “చెప్పులు” అనాలి. అంటే బెల్లం ముక్క. మొదట్లో “బుడ్డి” అని కిలకిలా నవ్వేది. ముక్క ఇవ్వలేదు. పదోసారికి నవ్వకుండా “చెప్పులు” అంది. నా కళ్లలోకి సూటిగా చూసి చెప్పింది. నాకు గర్వంగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది, కానీ ఆట ఆపలేదు.

రోజు 143

నేనే ఓర్వీ నేర్చుకుంటున్నాను. గురువు సంపెంగ. నా వయసు నలభై మూడు. గొంతులోంచి ఏదో దగ్గులాంటి శబ్దం తీయాలి. నేను తీస్తే నిజంగానే దగ్గు వస్తోంది. “అలా కాదమ్మా, నాలిక పడుకోబెట్టు” అంటుంది గురువు. తనకు పది రోజుల్లో వచ్చింది నాకు నెలకైనా వచ్చేలా లేదు. పసినాలుక గురించి వరహాలమ్మత్త చెప్పింది నిజమేనని ఇక్కడ మాత్రమే ఒప్పుకుంటాను.

పలకడం రాకపోయినా చదవడం వస్తోంది. నాకు కావల్సింది అదే. వాళ్లు ఏం రాసుకుంటున్నారో నేను చదవాలి.

రోజు 155

చదివాను. బడిలో కాదు, సంఘం ఆఫీసులో.

పళ్లెం మార్చడానికి వెళ్తే అత్త లేరు. బల్ల మీద పిల్లల ఓర్వీ నోటు పుస్తకాలు ఇరవై నాలుగూ దొంతరగా ఉన్నాయి. పక్కనే పెద్ద కాగితం, దాని మీద పిల్లల పేర్లు. ఒక్కొక్క పేరుకెదురుగా సిలిండరు బొమ్మ. ఇరవై ఒక్క పేర్ల ముందు బొమ్మ ఉంది. మూడు పేర్ల ముందు లేదు. గవర్ల వారింటి కవలపిల్లలిద్దరూ, మా సంపెంగ. కవలల ఇంట్లో బుడ్డి ఈమధ్యే కారిపోయిందని నాకు తెలుసు. చేతిరాత కెస్టిన్‌ది కాదు, మా అత్తది.

ఆవిడ లోపలికి వచ్చేసరికి కాగితం నా చేతిలోనే ఉంది. తేలు కుట్టిన దొంగలా ఉండాల్సింది నేనా ఆవిడా అని ఒక్క క్షణం తోచలేదు.

“అత్తా, ఇదేంటి?”

“తలుపేసి కూర్చో” అన్నారు. కూర్చున్నాను. “ఓర్వీలో పెద్ద యంత్రం బీటిచ్చింది. నూట ఎనభయ్యో రోజు నుంచి మనకొచ్చేది సగం గాలే. బాగుచెయ్యడానికి నలభై రోజులు పడద్దంట. పెద్దోళ్లకి సగం గాలి సరిపోద్ది, తల దిమ్మెక్కి పడుంటారు. ఐదారేళ్ల పిల్లలకే గండం. ఇంట్లో బుడ్డుంటే ఆ నలభై రోజులూ గడుస్తాది. లేని పిల్లల్ని ఓర్వీ పంపెయ్యాలి. ఈలోపు మంచుబండి ఒక్కసారే రాగలదు. అందులో పిల్లల సీట్లు మూడు.”

“ఊరందర్నీ పిలిచి చెప్పొచ్చు కదా!”

“చెప్తే ప్రతోడూ గోడలో గాలి కుళాయికి బుడ్డి తగిలించి గాలి దాచేసుకుంటాడు. నూట ఎనభయ్యో రోజు దాకా కూడా గాలి ఆగదు. పోనీ, మీ ఇంట్లో బుడ్డుందా అని అడిగితే నువ్వేం చెప్తావు?”

నేను కాగితం బల్ల మీద పెట్టేశాను.

“అందుకే ఐదేళ్లోళ్లకే పాఠం పెట్టించి, పిల్లల్నడిగేను. ఆ మాస్టారికేమీ తెలీదు, పాపం. ఆళ్ల పాఠం ఎప్పుడూ ఇంట్లో వస్తువులతోనే మొదలవుద్ది. పుస్తకాలు దిద్దుతానని తెచ్చుకుంటన్నాను. ఐదేళ్ల పిల్లకి అబద్ధం తెలీదు కదే.”

ఇన్నాళ్లూ పరాయివాడి మీద కన్నేసి కూర్చున్నాను. కాగితం మీద బొమ్మలు గీసింది నాకు అన్నం తినిపించిన చెయ్యి. కోపం వచ్చింది. ఆ వెంటనే అంతకన్నా పాడు ఆలోచన వచ్చింది. మూడు సీట్లలో ఒకటి సంపెంగది. అక్కడ నిండుగా గాలి ఉంటుంది, పిల్లికూతలుండవు. నా అబద్ధం నా పిల్లను భద్రంగా ఓర్వీకి చేరుస్తుంది.

“ఎవరికీ చెప్పకే” అన్నారు అత్త. చెప్పనన్నాను. తలుపు దాటాక గాని గుర్తురాలేదు. పోలయ్య కూతురు వినత పేరు ముందు సిలిండరు బొమ్మ ఉంది.

రోజు 158

వినత ఎందుకలా రాసిందో తెలుసుకుందామని బడి వంటగదిలో పళ్లెం మార్చే వంకతో ఆగాను. పోలయ్య గరిటెలు కడుగుతున్నాడు. వినత బోర్లించిన కుండ మీద కూర్చుని ఓర్వీ పాఠం గట్టిగా చెప్పుకుంటోంది. “మా మంచం కింద ఎర్ర సిలిండరు ఉంది.”

“నిజంగా ఉందా అమ్మా?” అన్నాను.

“లేదత్తా.”

“మరి ఉందని ఎందుకు రాసేవు?”

“సిలిండరు మాట నాకొచ్చు. ఎర్ర కూడా వచ్చు. మా మంచం కింద చాటుంది. చాటని ఓర్వీలో ఏమంటారో రాదు. మాస్టారు చాలా బాగా చెప్పేవన్నారు.”

పోలయ్య మురిసిపోతూ, “క్లాసంతా చప్పట్లు కొట్టేరంటండి. దానికి చప్పట్లు కొట్టించుకోడం అదే మొదలు. బుడ్డి లేదని నేనెళ్లి చెప్తే చిన్నబుచ్చుకుంటాదని ఊరుకున్నానండి. పాఠవే కదాండి” అన్నాడు.

పాఠమే. కొత్త భాషలో పిల్లలు ఉన్నది చెప్పరు, చెప్పగలిగింది చెప్తారు. నాకూ అదే అనుభవం, ఓర్వీలో కడుపునొప్పిగా ఉందని చెప్పడం రాక బావున్నానని చెప్పడం అలవాటైంది. నలభై ఏళ్లుగా ఓర్వీ మాట్లాడే మా అత్తకు ఇది తట్టలేదు. బిడ్డ నోట నిజం తప్ప రాదనుకున్నారు. ఆ నమ్మకంతో గీసిన బొమ్మలవి.

ఇప్పుడు ఈ సంగతి మొత్తం తెలిసినదాన్ని ఊళ్లో నేనొక్కదాన్నే. వినతకు బుడ్డి లేదు. సంపెంగకు ఉంది. సగం గాలిలో ఎవరు మిగులుతారో, ఎవరు మిగలరో నాకు తెలుసు.

రోజు 169

పదకొండు రోజులుగా ఏమీ రాయలేదు. రాయడానికి కొత్తదేమీ లేక కాదు.

నాకు నేను చాలా చెప్పుకున్నాను. కూతురి తప్పు దిద్దుకోవాల్సింది పోలయ్య కదా అన్నాను. దిద్దుకోకపోతే ఏమవుతుందో అతనికి తెలియదు కదా అని నేనే జవాబు చెప్పుకున్నాను. వినత గట్టి పిల్ల, తట్టుకుంటుందేమో అన్నాను. బుడ్డి కారిపోతే సంపెంగ గతేమిటన్నాను. అత్త దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఏం తాయారూ అంటే, పళ్లెం చూడ్డానికొచ్చానని చెప్పి వచ్చేశాను. రెండోసారి పళ్లెం తెల్లగానే ఉంది. ఆవిడ పళ్లెం వైపు, నా వైపు చూశారు. నా మీద ఆవిడకు అనుమానం వచ్చిందని నాకు అనుమానం.

వినత ఇవాళ నాకు ఎదురొచ్చి, చాటను ఓర్వీలో ఏమంటారో మాస్టారిని అడిగి తెలుసుకున్నానని చెప్పింది. ఆ మాట నాకూ నేర్పింది. ఇంటికొచ్చి ఏడ్చాను.

రోజు 170

పొద్దున మంచుబండి వచ్చింది. ఓర్వీ బడి చూపించడానికి ముగ్గురు పిల్లల్ని తీసుకెళ్తున్నారని ఊళ్లో చెప్పారు. చూడటానికి అందరూ వచ్చారు. పోలయ్య దారిలో తినడానికి రొట్టెలు చేసి మూడు మూటలు కట్టి తెచ్చాడు. తన కూతురిది కాని ప్రయాణానికి.

ఆ మూటలు చూశాక నా వల్ల కాలేదు.

ఇంటికి వెళ్లి మంచం కింద నుంచి బుడ్డి లాగాను. దుప్పటి చుట్టలేదు. పెద్ద నడవలోంచి, అందరూ చూస్తుండగా, చంకన ఎత్తుకుని నడిచాను. జనం దారి ఇచ్చారు. సగం మంది ముఖాలు పక్కకు తిప్పుకున్నారు, మర్యాద కదా. బండి మెట్టు దగ్గర అత్త కాళ్ల ముందు దించాను.

“ఇది మా ఇంట్లోది. నాలుగేళ్లబట్టి ఉంది. పోలయ్యన్న ఇంట్లో లేదు. కిందటేడు మన పిల్లల కోసమే ఖాళీ చేసేడు. సీటు వినతది” అన్నాను.

అప్పటికే బండిలో కూర్చున్న సంపెంగ అద్దంలోంచి చూసింది. గబగబా దిగి వచ్చి నా కొంగు పట్టుకుని లాగింది. నేనేదో మరిచిపోయాననుకుంది పాపం. నన్ను కాపాడదామనుకుంది.

“అమ్మా, చెప్పులు! చెప్పులని కదా చెప్పాలి!”

అందరికీ వినబడింది. ఎవరూ నవ్వలేదు. దాన్ని ఎత్తుకుని ముఖం మెడలో దాచుకున్నాను. దాచుకున్నది నా ముఖం, దానిది కాదు.

అత్త బుడ్డి వైపు చూశారు. తర్వాత ఆ పేర్ల కాగితం తీసి మడిచి, మళ్లీ మడిచి, గుప్పిట్లో పెట్టుకున్నారు. ఆ కాగితం మీద ఇంకెన్ని తప్పులున్నాయో అని ఆవిడ అనుకున్నట్టు ముఖంలో కనబడింది. అక్కడే, నడవలోనే, గాలి సంగతి ఊరందరికీ చెప్పేశారు. బీటు, సగం గాలి, నలభై రోజులు, అన్నీ. పోలయ్య మూటలు కింద పెట్టేసి వినతను రెండు చేతులా పట్టుకున్నాడు. నన్ను ఎన్నాళ్లబట్టి తెలుసని అడగలేదు. అడిగితే పన్నెండు రోజులని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

వినత ఎక్కింది. బండి వెళ్లింది. ఇంకెవరైనా బుడ్డి తెస్తారేమోనని మధ్యాహ్నం దాకా నడవలోనే నిలబడ్డాను. ముగ్గురు తెచ్చారు. మిగతావాళ్లు నేను పళ్లెం మార్చడానికి వెళ్తే తలుపు సగమే తీస్తున్నారు.

రోజు 181

నిన్నటి నుంచి సగం గాలి. గోడ కుళాయిలన్నీ అత్త మూయించేశారు. మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయి. తెచ్చిన నాలుగు బుడ్లూ ఇప్పుడు బడి గదిలో, తాళం లేకుండా ఉన్నాయి. కెస్టిన్ ఆ బండిలోనే వెళ్లిపోగలిగేవాడు, వెళ్లలేదు. అవసరమైన పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, పది నిమిషాలకు గడియారం చూసి, బుడ్డి మూత తిప్పుతున్నాడు. మా బుడ్డి ఇంట్లో ఉన్నట్టయితే సంపెంగ ఒక్కదానికే నలభై రోజులు వచ్చేది. ఇప్పుడు ఎన్ని రోజులు వస్తుందో లెక్క వేశాను. ఆ లెక్క ఇక్కడ కూడా రాయను.

పొద్దున దాన్ని బడికి ఎత్తుకుని తీసుకెళ్లాను. ఛాతీలో కూతలు నా భుజానికి తెలుస్తున్నాయి. గొట్టం ముక్కుకు పెట్టబోతుంటే అది చేత్తో ఆపింది.

“అమ్మా, మనకి గాలి సరిపోద్దా?”

సరిపోద్దమ్మా అని నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల నా కళ్లలోకే సూటిగా చూస్తోంది. చెప్పాక నమ్మాలో వద్దో ముందే ఆలోచించుకుంటున్నట్టుంది. ఐదేళ్ల పిల్లకు ఆ చూపు నేర్పింది బడి కాదు.

“నాకు తెలీదే” అన్నాను.

అది అడ్డం పెట్టిన చెయ్యి తీసి, గొట్టం తనే దగ్గరికి లాక్కుంది.